స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ కావాలంటే అంత ఓపిక ఉండాలా?

ప్రశ్న అడిగిన చెల్లె తనది నల్గొండ అని రాసింది. డిగ్రీ అయిపోయిందట, స్పెషల్ బీఈడీ చేద్దామనుకుంటోందట. ఇంట్లోవాళ్లేమో "నీకంత ఓపిక ఎక్కడిది, అది సేవ చేసేటోళ్ల పని" అంటున్నారట. మన దగ్గర ఈ పని ఎట్లా ఉంటుంది, ఉద్యోగాలు వస్తాయా, ఓపిక లేనివాళ్లు చేయలేరా అని అడిగింది.

నేను ఇదే ఉమ్మడి జిల్లాలో, వైకల్యం ఉన్న పిల్లల కోసం సర్కారు మండలాల్లో నడిపే భవిత కేంద్రంలో ఐఈఆర్‌పీగా పనిచేస్తున్నాను. ఇన్‌క్లూజివ్ ఎడ్యుకేషన్ రిసోర్స్ పర్సన్ అని పూర్తి పేరు. అంత పొడుగు పేరు ఎవరికీ నోరు తిరగదు కాబట్టి బళ్లో అందరూ "భవిత మేడం" అనే పిలుస్తారు. అంతకుముందు కొన్నేళ్లు పాలమూరు వైపు చేశాను.

ముందు ఓపిక సంగతి. నాకు ఓపిక తక్కువ. కావాలంటే మా అత్తమ్మను అడగండి, ఊరంతా వినేలా చెప్తుంది. ఓపిక మీద నడిచే పనైతే నేను మొదటి ఏడాదే సంచి సర్దుకుని వచ్చేదాన్ని. ఈ పనికి చూసే కన్ను కావాలి, దానికి తగ్గ చదువు కావాలి. రెండూ నేర్చుకుంటే వచ్చేవే. "అబ్బా, మీకెంత ఓపిక మేడం" అని ఎవరైనా మెచ్చుకుంటే నాకు లోపల కొంచెం మండుతుంది. లెక్కల సార్‌ను ఎవరూ అట్లా మెచ్చుకోరు కదా, ఆయన చదువుకుని వచ్చి పాఠం చెప్తున్నాడనే అనుకుంటారు.

నేను సేవ చేద్దామని రాలేదు. మాది మర్రిగూడ వైపు పల్లె. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగినవాళ్లను, మోకాళ్లు లోపలికి తిరిగిన పిల్లలను చూస్తూనే పెరిగాం. ఈ మాట చెప్పగానే "ఓహో, అందుకేనా ఈ లైన్‌లోకి వచ్చారు" అంటారు. అందుకు కాదు. ఇంటర్ అయ్యాక మామూలు డీఎడ్ సీటుకు నా ర్యాంకు చాలలేదు. హైదరాబాద్‌లో ఆటో నడిపే మా చిన్నాయన ఒకరోజు ఫోన్ చేసి, బోయిన్‌పల్లి దగ్గర మానసిక వికలాంగుల సంస్థ ఉంది, అక్కడికి టీచర్ ట్రైనింగ్ పిల్లలు వచ్చిపోతుంటారు, ఆ ట్రైనింగ్ చదివితే కూడా టీచర్ పోస్టే అట అని చెప్పాడు. ఆయన చెప్పింది మనోవికాస్ నగర్ గురించి. 1984లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. అప్పట్లో ఎన్ఐఎంహెచ్ అనేవాళ్లు, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ. నేను చదివింది వేరే కాలేజీలో, ప్రాక్టికల్స్‌కు మాత్రం అక్కడికి వెళ్లేవాళ్లం. టీచర్ పోస్టు వస్తుందనే ఆశ తప్ప చేరేటప్పుడు నాకు వేరే ఆలోచన ఏదీ లేదు. అందుకు సిగ్గుపడాల్సింది కూడా ఏమీ లేదు.

ట్రైనింగ్ మొదట్లోనే మా లెక్చరర్ మేడం ఒక పని పెట్టింది. ఒక బాబు దగ్గర అరగంట కూర్చుని వాడేం చేస్తే అది రాయాలి, అంతే. "చాలా అల్లరి చేశాడు, మొండికేశాడు, మాట వినలేదు" అని నేను పేజీ నింపి ఇచ్చాను. ఆవిడ ఎర్ర పెన్నుతో మొత్తం కొట్టేసి, "వాడి గురించి రాయమంటే నీ చిరాకు గురించి రాసుకొచ్చినవ్" అంది. మా బ్యాచ్‌లో దాదాపు అందరి పేజీలూ అట్లాగే ఎర్రగా తిరిగొచ్చాయి. రెండోసారి రాసింది నాకు ఇప్పటికీ గుర్తుంది: చాప అంచు కొరికాడు. తలుపు చప్పుడైతే చెవులు మూసుకున్నాడు. పేరు పెట్టి పిలిస్తే తిరగలేదు, బిస్కెట్ ప్యాకెట్ చప్పుడుకు తిరిగాడు. ఇట్లా రాస్తే పని మొదలుపెట్టడానికి ఒక దారి దొరుకుతుంది. బిస్కెట్ కవరు వినిపించింది అంటే పూర్తి చెవుడు కాదు, చప్పుళ్లలో కొన్ని వాడికి పడవు, పేరు అనేది తనను పిలవడానికని ఇంకా తెలియదు. "మొండికేశాడు" అని రాసుకుంటే ఇవేవీ కనిపించవు, వాడి మీద కోపం ఒక్కటే మిగులుతుంది.

ఆ పాఠమే ఉద్యోగంలో నన్ను చాలాసార్లు ఒడ్డున పడేసింది. ఒక కేంద్రంలో ఆటిజం ఉన్న బాబు రోజూ పొద్దుటిపూట బాగానే ఉండేవాడు, ఇంటర్వెల్ దాటాక చేతిలో ఏదుంటే అది విసిరేవాడు. పలక, పూసల దండ, ఒకసారి ఆయమ్మ టిఫిన్ డబ్బా. ఆకలి అనుకున్నాం, అరటిపండు పెట్టాం, లాభం లేదు. దిష్టి తగిలిందని ఆయమ్మ మిరపకాయలు తిప్పి పడేసింది. నేను వద్దనలేదు, ఆమె తృప్తి ఆమెది. టైము రాయడం మొదలుపెడితే బయటపడిందేమిటంటే, గోడ అవతల బోరు మోటార్ ఉంది, వంటవాళ్లు గిన్నెలు కడగడానికి అదే టైముకు ట్యాంకు నింపుతున్నారు. మనకు ఆ మోత చెవికి అలవాటైపోయి వినిపించదు. వాడికి అది భరించలేనంత. హెడ్‌మాస్టర్ సార్‌తో మాట్లాడి బడి మొదలయ్యే ముందే ట్యాంకు నింపించాం. విసరడం పూర్తిగా మానలేదు కానీ చాలా తగ్గింది. ఇందులో ఓపిక ఎక్కడుంది చెప్పండి? నోట్‌బుక్, గోడ గడియారం, అంతే.

పాఠం చెప్పడం కూడా మామూలు టీచర్లు అనుకున్నట్టు ఉండదు. గుండీలు పెట్టుకోవడం అనే పని తీసుకోండి. మిర్యాలగూడలో రైస్‌మిల్లు హమాలీ కొడుకు ఒకడు, పదేళ్లవాడు, ఇంటెలెక్చువల్ డిసేబిలిటీ, అంటే మేధో వైకల్యం. మంచి నవ్వు ముఖం పిల్లవాడు, చొక్కా మాత్రం వాళ్లమ్మే తొడగాలి. అందరూ పై గుండీ నుంచి మొదలుపెట్టి నేర్పుతారు. మొదటి గుండీకే వేళ్లు తిరగక వాడు ఏడుస్తాడు, మనం చిరాకుపడి మనమే పెట్టేస్తాం, ఆ పూటకు పాఠం అయిపోతుంది. మేము చివరి నుంచి మొదలుపెడతాం. టైలర్ దగ్గర పాత గుడ్డ మీద స్వెటర్లకు వేసే పెద్ద గుండీ కుట్టించి, కాజా కొంచెం వదులుగా చేయించాను. గుండీని కాజాలో ముప్పావు వంతు నేనే దూరుస్తాను. బయటికి వచ్చిన అంచు పట్టుకుని లాగడం ఒక్కటే వాడి పని. లాగాడు, గుండీ పడింది, చప్పట్లు. వాడి లెక్కలో గుండీ తనే పెట్టాడు! అది చేతికి అలవాటయ్యాక సగం దూర్చి ఇస్తాం. ఆ తర్వాత అంచు మాత్రం కాజాలో పెట్టి ఇస్తాం. ఆ తర్వాత గుండీ ఇటు, కాజా అటు పట్టించి మోచేయి మీద చెయ్యి వేసి ఊరుకుంటాం. ఆ వర్షాకాలమంతా అదే పాఠం. గుడ్డ మీద వచ్చాక చొక్కాను ఒళ్లో పెట్టుకుని, అది వచ్చాక ఒంటి మీద. ఒంటి మీదికి వచ్చేసరికి మళ్లీ కష్టపడ్డాడు, ఎందుకంటే కిందికి వంగి చూస్తే గుండీ తలకిందులుగా కనిపిస్తుంది. ఇది మనకు తట్టదు, చిన్నప్పుడు ఎట్లా నేర్చుకున్నామో మర్చిపోయాం కాబట్టి.

ఆ బాబు వాళ్ల నాన్న మొదట్లో "గుండీలు నేర్పుతే ఏమొస్తది మేడం, ఏబీసీడీలు నేర్పుండ్రి" అన్నాడు. ఈ మాట ప్రతి కేంద్రంలో వినాల్సిందే. వాళ్ల తప్పు కాదు, బడి అంటే అక్షరాలని మనమే అందరికీ చెప్పి పెట్టాం. అక్షరాలూ చెప్తాం, పనికొచ్చే దారిలో చెప్తాం. పెద్ద పిల్లలకు బస్సు బోర్డు మీద తమ ఊరి పేరు గుర్తుపట్టడం, స్త్రీలు, పురుషులు అనే బోర్డులు, పది రూపాయల నోటుకూ ఇరవైకీ తేడా.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించే సంగతి. దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చే పిల్లల్లో కొందరిని ఒకటో తరగతిలోనే "మేడం, ఈ పిల్లకు బుర్ర లేదు, మీ కేంద్రానికి తీస్కపోండ్రి" అని మాకు అప్పజెప్తారు. అట్లా వచ్చిన ఒక పాప నేనేది అడిగినా బిత్తరచూపులు చూసేది. నాలుగో తరగతిలో అదే తండా అమ్మాయి ఉంటే పిలిచి, నేను అడిగినవే లంబాడీలో అడగమన్నాను. పాప డబ్బా తెచ్చింది, ఎర్ర పూసలు వేరు చేసింది, అందులో పెద్దవి ఏవి అంటే చూపించింది, చివరికి మా ఇద్దరికీ ఏదో జోకు కూడా చెప్పింది. నాలుగో తరగతి అమ్మాయి పడీపడీ నవ్వింది కానీ నాకు చెప్పలేకపోయింది. ఆ పాపకు ఏ లోపమూ లేదు. ఇంట్లో వినని భాషలో బడి మొదలైంది, అంతే. మరికొందరికి చెవిలో చీము. జలుబు, చెవిపోటు, చీము కారడం ఏళ్ల తరబడి నడుస్తుంటే సగం మాటలు వినపడక వెనకబడతారు. అందుకే ఏ పిల్లకైనా పేరు తగిలించే ముందు చెవి చూపించారా, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని అడుగుతాను. వికలత్వం లేని పిల్లను వాపసు తరగతికి పంపించడం కూడా మా ఉద్యోగంలో భాగమే. అది ఏ రిపోర్టులోనూ కనపడదు.

పాలమూరులో పనిచేసినప్పుడు చూసింది వేరే లోకం. తల్లిదండ్రులు కూలికి పుణె, ముంబై పోతారు, పిల్లలు నాయనమ్మ, అమ్మమ్మల దగ్గర. మంచం దిగలేని పిల్లలకు మేము ఇంటికే వెళ్లి చెప్పాలి, శనివారాలు దానికే పోతాయి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఒక పాపను నాయనమ్మ పొద్దంతా నులక మంచం మీద పడుకోబెట్టేది. కాళ్లు బిగుసుకుపోయి కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడేవి. పడుకున్న పిల్లకు ఆకాశం, ఇంటికప్పు తప్ప ఏం కనపడతాయి? ఇలాంటి పిల్లలకు కొలతలకు తగ్గ ప్రత్యేక కుర్చీ కావాలి, అది క్యాంపులో కొలతలు తీసుకుని రావడానికి నెలలు పడుతుంది. ఫిజియోథెరపిస్ట్ సార్ చెప్పిన ఉపాయం ఏమిటంటే, రెండు గోడలు కలిసే మూల. ఆ మూలలో వీపు ఆనేలా కూర్చోబెట్టి, భుజాలు ముందుకు వచ్చేలా రెండు పక్కలా గోడల ఆసరా ఇచ్చి, కాళ్ల మధ్య బొంత చుట్ట పెట్టాం. మెడ నిలబడింది. చేతులు ముందుకు వచ్చాయి. ముసలమ్మ రొట్టె చేస్తుంటే పాప ముందు పిండి ముద్ద పెట్టేది, అది పాప పిసికేది. దానికి మించిన చేతుల వ్యాయామం ఏ కిట్‌లోనూ లేదు. ఆ ముసలమ్మ నన్ను "సారమ్మా" అని పిలిచేది, ఎప్పుడు పోయినా చాయ్ తాగందే పంపేది కాదు.

అందుకే అంటున్నాను, ఈ ఉద్యోగంలో సగం పని పెద్దవాళ్లతోనే. పింఛన్ సంగతి ఉదాహరణకు. ఒకావిడ తలుపు దగ్గర నిలబడి మెల్లగా అడిగింది, "మేడం, వీడు జరంత బాగైతే పింఛన్ తీసేస్తరా?" కొత్తగా వచ్చిన టీచర్లకు ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది, తల్లివా నువ్వు అన్నట్టు చూస్తారు. దయచేసి అట్లా చూడకండి. వికలాంగుల పింఛన్‌ను 2023లో నెలకు 4,016 రూపాయలు చేశారు. కూలి దొరకని నెలల్లో ఆ ఇల్లు గడిచేది దాంతోనే. చాలా రకాల వైకల్యాలకు సర్టిఫికెట్‌లో 40 శాతానికి తగ్గకుండా ఉంటే పింఛన్‌కు అర్హత, ఆ శాతం వేసేది వైకల్య పరీక్షల క్యాంపులో డాక్టర్లు, పిల్లవాడు అన్నం తనే కలుపుకుని తిన్నంత మాత్రాన అది పోదు అని కూర్చోబెట్టి చెప్పాలి. చెప్పాక అదే తల్లి ఇంట్లో మనకన్నా బాగా నేర్పుతుంది. వినికిడి మిషన్లు కూడా ఇంతే. పోతే మళ్లీ ఇవ్వరని బీరువాలో దాచి తాళం వేస్తారు. లేకపోతే సెల్ అయిపోయాక కొత్తది ఎక్కడ దొరుకుతుందో తెలియదు, లేదా చెవిలో పెట్టే అచ్చు పిల్లవాడు పెరిగాక సరిపోక కుయ్యిమంటుంది. క్యాంపులో మిషన్ ఇచ్చిన ఫోటో పేపర్లో వస్తుంది. సెల్ మార్చిన ఫోటో ఎవరూ వేయరు.

మిగతా టైమంతా కాగితాలు, యాప్‌లు. హాజరు, సర్వే, ప్రశస్త్ యాప్‌లో స్క్రీనింగ్, ట్రాన్స్‌పోర్ట్ అలవెన్సు వివరాలు, పదో తరగతి పిల్లలకు స్క్రైబ్ (పరీక్షలో బదులు రాసేవాళ్లు), అదనపు సమయం కోసం దరఖాస్తులు. దీని గురించి ఎక్కువ రాయను, ఏ గవర్నమెంట్ టీచర్‌ను అడిగినా ఇదే పాట పాడతారు.

చదువు విషయానికి వద్దాం. ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఎడ్ స్పెషల్ ఎడ్యుకేషన్, డిగ్రీ తర్వాత రెండేళ్ల బీఈడీ స్పెషల్ ఎడ్యుకేషన్. నీది డిగ్రీ కాబట్టి రెండోది. మేధో వైకల్యం, వినికిడి, చూపు, లెర్నింగ్ డిసేబిలిటీ, ఆటిజం, ఇట్లా ఏదో ఒక స్పెషలైజేషన్ ఎంచుకోవాలి. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, అంతకుముందు 1995 చట్టంలో 7 మాత్రమే. మండలంలో పని చేసేటప్పుడు నీ స్పెషలైజేషన్ ఏదైనా సరే, అన్ని రకాల పిల్లలూ నీ దగ్గరికే వస్తారు. నేను మేధో వైకల్యం చదివి, సైగల భాష ఉద్యోగంలో చేరాక పిల్లల దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు మళ్లీ ఎంచుకోమంటే వినికిడి వైపు వెళ్లేదాన్నేమో, చిన్నప్పుడే పట్టుకుంటే ఆ పిల్లలు ఎంత దూరం పోతారో చూశాను కాబట్టి. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో దూరవిద్య స్పెషల్ బీఈడీ కూడా ఉంది. అయితే నా ఉద్దేశంలో రోజూ పిల్లల మధ్య కూర్చునే రెగ్యులర్ కోర్సుకు సాటి రాదు.

కోర్సు అయ్యాక ఆర్‌సీఐలో, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదు చేసుకుని సీఆర్‌ఆర్ నంబర్ తెచ్చుకోవాలి. అది లేకుండా ఎక్కడా అప్లై చేయలేవు. కొన్నేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది, దానికి ట్రైనింగ్‌ల పాయింట్లు కావాలి, ఆ సర్టిఫికెట్లు పారేయకు.

ఉద్యోగాల విషయంలో మెరమెచ్చు మాటలు చెప్పను. ఐఈఆర్‌పీలది కాంట్రాక్టు కొలువే. నేను చేరినప్పటి నుంచి "ఈసారి రెగ్యులర్ చేస్తరట" అనే మాట వింటూనే ఉన్నాను. రెగ్యులర్ చేయాలని, పే స్కేల్ ఇవ్వాలని 2024 డిసెంబరులో రాష్ట్రమంతటా మాలాంటి సమగ్ర శిక్ష ఉద్యోగులు సమ్మె చేశారు. ప్రైవేటు స్పెషల్ స్కూళ్లలో జీతాలు ఇంకా తక్కువ. నేను మొదట చేసిన ఒకచోట జీతం ఎప్పుడు పడుతుందో మేనేజ్‌మెంట్‌కే తెలిసేది కాదు. మరి ఆశ లేదా అంటే ఉంది. ఇలాంటి పిల్లలు ఎంతమందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలో ప్రకటించమని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది, ప్రాథమిక స్థాయిలో 10 మందికి ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు అని కేంద్రం 2022లో ప్రకటించింది. 2024 డీఎస్సీలో మన రాష్ట్రం వేసిన 11,062 పోస్టుల్లో స్పెషల్ ఎడ్యుకేషన్‌వి 220 స్కూల్ అసిస్టెంట్ (పై తరగతుల టీచర్), 796 ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచర్). నాతో చదివినవాళ్లలో కొందరికి అప్పుడు కొలువు వచ్చింది. బీఈడీతో స్కూల్ అసిస్టెంట్‌కు పోవాలంటే టెట్ కూడా కావాలి, కాబట్టి కోర్సు నడుస్తుండగానే దానికి చదువుకో.

ఇంట్లోవాళ్ల గురించి ఒక మాట. నా పెళ్లిచూపుల్లో అబ్బాయి మేనత్త "పిచ్చోళ్ల బడిల టీచరా?" అని అడిగింది. మా అమ్మ ముఖం మాడిపోయింది. ఆ సంబంధం కుదరలేదు, అది వేరే కారణం, కట్నం దగ్గర. ఇప్పుడు మా చుట్టాల్లో ఎవరింట్లో పిల్లకు మాట ఆలస్యమైనా మొదటి ఫోన్ నాకే వస్తుంది, ఆ మేనత్త మనవడి గురించి కూడా వచ్చింది. రెండేళ్లు నిండినా రెండు మాటలు కలపడం లేదని. వెంటనే చెవి పరీక్ష చేయించమన్నాను.

నీ సొంత నిర్ణయానికి ఒక పని చెయ్యి. ఫీజు కట్టే ముందు మీ మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో కనుక్కుని, ఎంఈవో ఆఫీసులో అడిగి, ఒక వారం వచ్చి కూర్చో. ఫిజియోథెరపిస్ట్ వచ్చే రోజు తప్పకుండా ఉండు. ఆ రోజు పిల్లలు ఏడుస్తారు, తల్లులు ఏడుస్తారు, ఎవరో ఒకరు బట్టలు తడుపుకుంటారు, ఆయమ్మ సెలవులో ఉంటే కడగాల్సింది నువ్వే. అది చూశాక కూడా రావాలనిపిస్తే రా. కాలేజీ పేరు ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో, ఈ విద్యాసంవత్సరానికి, నువ్వు ఎంచుకున్న స్పెషలైజేషన్‌కే గుర్తింపు ఉందో లేదో చూసుకుని అప్పుడు డబ్బు కట్టు. ఏజెంట్ చూపించే జిరాక్సు కాగితం నమ్మకు. నల్గొండ వైపు కేంద్రాల్లో ఎక్కడికి పోవాలో తెలియకపోతే కింద కామెంట్‌లో మీ మండలం పేరు రాయి, దగ్గర్లోది చెప్తాను.